పాఠకుల ప్రశ్నలు, జవాబులు: సగమే వచ్చిన ఆవర్తన కాలం

ఈ నెల భౌతికశాస్త్రం మీద వచ్చిన ఉత్తరాలలో మూడింటిని ఎంచుకున్నాం. మూడూ విశాఖపట్నం పరిసరాల నుంచి వచ్చినవే. మొదటి ఉత్తరం పెద్దది కాబట్టి దాని జవాబు కూడా పెద్దదయింది.

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. నేను విశాఖపట్నంలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి సంవత్సరం చదువుతున్నాను. పదో తరగతి వరకు పాడేరు వైపు ఒక గురుకుల పాఠశాలలో తెలుగు మాధ్యమంలో చదివాను. 2020లో డిగ్రీలో చేరడం వల్ల మొదటి ఏడాది ప్రాక్టికల్స్ సరిగా జరగలేదు. రెండో సెమిస్టర్‌లో ఒక పేపరు తప్పి, సప్లిమెంటరీలో గట్టెక్కాను. మా ఎమ్మెస్సీలో ఖగోళ భౌతికశాస్త్రం పేపరు లేదు. నాకున్న అనుభవమల్లా గత వేసవిలో ఒక పరిశోధనా సంస్థలో 8 వారాలు చేసిన ప్రాజెక్టు ఒక్కటే. నక్షత్రాల కాంతిని కొలిచే టెస్ అనే నాసా ఉపగ్రహం సమాచారంతో ఒక నక్షత్రం కాంతిలో వచ్చే మార్పులను పరిశీలించాను. ఆవర్తన కాలం, అంటే ఆ మార్పు ఒకసారి తిరిగి రావడానికి పట్టే వ్యవధి, 0.19 రోజులని వచ్చేసరికి, అది ఉబ్బుతూ ముడుచుకుంటూ కాంతి మార్చుకునే డెల్టా స్కూటి రకం నక్షత్రమని మూడు వారాలు నమ్మాను. చివరకు మా గైడ్ ‘రెట్టింపు కాలంతో ఒకసారి మడిచి చూడమ్మా’ అన్నారు, అంటే కొలతలను ఆ కాలం పొడవు ముక్కలుగా చేసి ఒకదాని మీద ఒకటి పేర్చి చూడమని. అది జంట నక్షత్రమనీ, అసలు కాలం 0.38 రోజులనీ అప్పుడు తేలింది. ఆ నక్షత్రం అంతకు ముందే జాబితాల్లో ఉంది కాబట్టి నేను కొత్తగా కనుక్కున్నది ఏమీ లేదు. ఇప్పుడు పీహెచ్‌డీ దరఖాస్తులలో విద్యా నేపథ్యం, పరిశోధనానుభవం రెండు పేజీలలో రాయమంటున్నారు. తప్పిన పేపరు సంగతి, ప్రాజెక్టులో చేసిన పొరపాటు రాయాలా, దాచాలా? సిఫారసు లేఖ అడిగితే ఒక అధ్యాపకులు ‘నువ్వే రాసుకురా, సంతకం పెడతాను’ అన్నారు. అలా చేయవచ్చా? మీరు చూడడానికి నా చిత్తుప్రతిని జత చేస్తున్నాను. (ఒక విద్యార్థిని, మద్దిలపాలెం)

జవాబు: అమ్మా, మీ చిత్తుప్రతిని రెండుసార్లు చదివాను. చిన్ననాట డాబా మీద పడుకుని నక్షత్రాలను చూసి అబ్బురపడ్డారని చెప్పడానికి మొదటి అరపేజీ సరిపోయింది. అది నిజమే అయి ఉంటుంది. అయితే దరఖాస్తు పెట్టే వారందరూ ఆ మాటే రాస్తారు కనుక, చదివే వారికి దాని వల్ల మీ గురించి కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు. ప్రాజెక్టుకు మాత్రం నాలుగు పంక్తులే దక్కాయి. అందులోనూ ‘కాంతి వక్రం విశ్లేషించబడినది, ఆవర్తన కాలం నిర్ణయించబడినది’ అని రాశారు. ల్యాబ్ రికార్డుల్లో సీనియర్ల రికార్డు చూసి ఎత్తి రాయడం అలవాటైన మనందరికీ ఈ కర్మణి ప్రయోగం చేతికి పట్టుబడిపోయింది. ఎవరు విశ్లేషించారు, ఎవరు నిర్ణయించారు అన్నది అందులో కనిపించదు. పరిశోధనానుభవం అడిగే వారికి కావలసింది సరిగ్గా అదే.

మీరు దాచాలా అని అడిగిన పొరపాటే మీ దరఖాస్తులో అన్నిటికంటే విలువైన భాగమని నా అభిప్రాయం. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇంటర్వ్యూలో మిమ్మల్ని దీని మీదే అడుగుతారు.

ఆవర్తన కాలాన్ని వెతకడానికి మీరు వాడిన లాంబ్–స్కార్గిల్ పద్ధతి కాంతిలోని మార్పులకు సైన్ తరంగాన్ని అతికించి చూస్తుంది. ఒకదానినొకటి దాదాపు ఆనుకుని తిరిగే జంట నక్షత్రాలలో ఒక పరిభ్రమణంలో రెండు గ్రహణాలు వస్తాయి, అంటే కాంతి రెండుసార్లు తగ్గుతుంది. ఆ రెండు తగ్గుదలలూ చూడడానికి దాదాపు ఒకే తీరుగా ఉంటాయి కాబట్టి, ఈ పద్ధతికి రెండో గ్రహణం కూడా మొదటిదే మళ్లీ వచ్చినట్టు కనిపించి, అసలు కాలంలో సగాన్ని బలమైన జవాబుగా చూపిస్తుంది. ప్రోగ్రాము తప్పు చేయలేదు, అడిగిన దానికే జవాబు చెప్పింది. ఆ 0.19 రోజుల విలువ డెల్టా స్కూటి నక్షత్రాలకు సహజంగా ఉండే కాలాల పరిధిలోనే పడడం మీ దురదృష్టం. మరోవైపు, అంటుకుని తిరిగే జంటలలో సుమారు 0.22 రోజుల కంటే తక్కువ కాలం ఉన్నవి చాలా అరుదు. అందువల్ల 0.19 అని వచ్చినప్పుడు ‘ఇది జంట కాదు’ అని మీకు అనిపించడంలో తర్కం లేకపోలేదు. ఈ గొలుసంతా మీకు అప్పుడు తెలియకపోయినా ఇప్పుడు తెలిసి ఉండాలి.

రెట్టింపు కాలంతో మడిచినప్పుడు ఏం కనిపించిందో మీ ఉత్తరంలో లేదు గానీ, చిత్తుప్రతితో పంపిన పటంలో ఉంది. ఒకటి విడిచి ఒకటిగా వచ్చే కనిష్ఠాల, అంటే కాంతి అన్నిటికంటే తగ్గిన చోట్ల, లోతుల్లో 0.04 మాగ్నిట్యూడ్ (నక్షత్రాల ప్రకాశానికి కొలమానం) తేడా ఉంది. రెండు నక్షత్రాల ఉపరితల ఉష్ణోగ్రతలు సరిసమానంగా లేనప్పుడు ఇలా జరుగుతుంది. మీ నిర్ణయానికి ఆధారం ఆ తేడాయే అయినప్పుడు, దానిని పటంలో వదిలేసి వాక్యంలో చెప్పకపోవడం ఏమిటి?

నేనైతే ఆ భాగాన్ని సుమారుగా ఇలా రాస్తాను. ఇంగ్లీషులోకి మీ మాటల్లో మీరే మార్చుకోండి. ‘టెస్ ఉపగ్రహపు ఒక సెక్టార్ సమాచారాన్ని, అంటే సుమారు 27 రోజుల కొలతలను, తీసుకుని నాణ్యత లేని బిందువులను తొలగించి, ఆవర్తన కాలం వెతికే ప్రోగ్రామును పైథాన్‌లో నేనే రాశాను. మొదట 0.19 రోజులు వచ్చింది. దానిని బట్టి నక్షత్రాన్ని డెల్టా స్కూటి రకంగా పొరబడ్డాను. గైడ్ సూచన మేరకు రెట్టింపు కాలంతో మడిచి చూడగా ఏకాంతర కనిష్ఠాల లోతుల్లో 0.04 మాగ్నిట్యూడ్ తేడా కనిపించింది. దానిని బట్టి ఇది 0.38 రోజుల గ్రహణ జంట నక్షత్రమని నిర్ధారించాను. ఈ విలువ ఇదివరకటి జాబితాలోని విలువతో సరిపోయింది. వర్ణపటాలు లేనందున నక్షత్రాల ద్రవ్యరాశులను నిర్ణయించలేదు.’ ఇందులో మీరు చేసినది, గైడ్ చెప్పినది, చేయలేకపోయినది వేరువేరుగా కనిపిస్తాయి. గైడ్ సూచనను మీ ఖాతాలో వేసుకోకండి. ఆ గైడే మీకు సిఫారసు లేఖ రాస్తారు, రెండు కథనాలనూ పక్కపక్కన పెట్టుకుని చదివే వారు ఉంటారు.

పైథాన్‌లో నేనే రాశాను అన్న మాట నిజమైతేనే ఉంచండి. ఇతరులు రాసి పెట్టిన ప్రోగ్రాములను (లైబ్రరీని) తెచ్చి వాడుకున్నట్టయితే అలాగే చెప్పండి, అందులో నామోషీ లేదు. అందరూ చేసేది అదే.

మరో రెండు విషయాలు సరిచూసుకోవాలి. టెస్ కెమెరాలో ఒక్కొక్క పిక్సెల్ ఆకాశంలో 21 ఆర్క్ సెకన్ల (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు) వెడల్పును కప్పుతుంది. అంత వెడల్పులో మీ నక్షత్రంతో పాటు పొరుగు నక్షత్రాల కాంతి కూడా కలిసిపోవచ్చు. అలా కలిస్తే గ్రహణం లోతు ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. ఇంకా ఇబ్బందికరమైన సంగతి ఏమిటంటే, కాంతి మారుతున్నది అసలు మీ నక్షత్రం కాక దాని పొరుగుది కావచ్చు. నక్షత్రాల స్థానాలను, ప్రకాశాన్ని కొలిచిన గయా ఉపగ్రహం జాబితాను అందరూ ఉచితంగా చూడవచ్చు. మీ నక్షత్రం చుట్టూ ఒక ఆర్క్ నిమిషం (60 ఆర్క్ సెకన్లు) మేర ఎన్ని నక్షత్రాలు ఉన్నాయో, వాటి ప్రకాశం ఎంతో ఒక సాయంత్రం కూర్చుని చూడండి. రెండోది దశాంశ స్థానాల సంగతి. చిత్తుప్రతిలో కాలాన్ని ఒకచోట రెండు స్థానాలకు, మరోచోట తొమ్మిది స్థానాలకు రాశారు. ఆ 27 రోజులలో మీ జంట సుమారు 70 సార్లు తిరిగింది. ఆ 70 పరిభ్రమణాలు భరించగలిగినన్ని అంకెలే రాయాలి, పక్కన దోషం ఎంతో, అంటే ఆ విలువ ఎంత అటూ ఇటూ కావచ్చో, కూడా రాయాలి. తొమ్మిది అంకెలను చూడగానే అది కంప్యూటర్ తెర మీది నుంచి దిగిన సంఖ్య అని ఎవరికైనా తెలిసిపోతుంది.

ఇక విద్యా నేపథ్యం. ఖగోళ భౌతికశాస్త్రం పేపరు లేదని చిత్తుప్రతిలో మూడుసార్లు విచారించారు. భారతదేశంలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి ఈ రంగంలోకి వచ్చే వారిలో చాలామందికి ఆ పేపరు ఉండదు, ఆ సంగతి ఎంపిక చేసే వారికి తెలుసు. లేనిదాని గురించి వాపోవడం మాని, ఉన్నదానిని చెప్పండి. నక్షత్రాల వర్ణపటాలను ఉష్ణోగ్రతకు ముడివేసిన మేఘనాథ్ సాహా అయనీకరణ సమీకరణం 1920 నాటిది. అది మీరు చదివిన ఉష్ణగతిక శాస్త్రం నుంచే పుట్టింది. తెల్ల మరుగుజ్జు నక్షత్రాల ద్రవ్యరాశి సూర్యుడికి సుమారు 1.4 రెట్లు దాటకూడదన్న చంద్రశేఖర్ పరిమితికి మూలం మీ స్టాటిస్టికల్ మెకానిక్స్ పేపరులోని ఫెర్మీ–డిరాక్ గణాంకాలు. పరమాణు వర్ణపట శాస్త్రం సంగతి చెప్పనే అక్కరలేదు. మన వాల్తేరు కొండ మీది ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సూరి భగవంతం, కె. రంగధామరావు వంటి భౌతికశాస్త్ర ఆచార్యులు ఆ విద్యకు పాదులు వేశారు. ఈ పేపర్లలో మీకు మంచి మార్కులు వచ్చిన రెండింటిని పేరుపెట్టి, అందులో ఏ భాగం మీ ప్రాజెక్టుకు పనికివచ్చిందో ఒక్కొక్క వాక్యంలో రాస్తే చాలు.

తప్పిన పేపరును దాచడం ఎలాగూ కుదరదు, మార్కుల మెమోలు వారి ముందు ఉంటాయి. ఒకే ఒక వాక్యం రాయండి. 2020–21లో తరగతులు ఆన్‌లైన్‌లో జరిగిన కాలంలో ఆ పేపరు తప్పాను, తరువాతి పరీక్షలో ఉత్తీర్ణత పొందాను అని చెప్పి, అదే విషయంలో ఎమ్మెస్సీలో మెరుగైన మార్కులు వచ్చి ఉంటే ఆ అంకెను చేర్చండి. రెండో వాక్యం వద్దు. రెండో వాక్యంతో సంజాయిషీ మొదలవుతుంది. తెలుగు మాధ్యమంలో చదివిన విషయాన్ని కూడా ఇలాగే ఒక వివరంగా చెప్పవచ్చు, చెప్పకపోనూవచ్చు. దానిని కన్నీటి కథగా మాత్రం చేయకండి.

సిఫారసు అన్న మాటకు మన వాడుకలో పలుకుబడి అనే వాసన తగులుకుంది. ఈ లేఖ అలాంటిది కాదు, ఇది సాక్ష్యం. మీ సాక్ష్యం మీరే రాసుకుంటే దానికి విలువేముంటుంది? ‘నువ్వే రాసుకురా’ అన్న వారితో తగవు పెట్టుకోనక్కరలేదు. వారి దగ్గర ఏ పేపర్లు చదివారు, ఎన్ని మార్కులు వచ్చాయి, సెమినారులో ఏ అంశం మాట్లాడారు, ప్రాజెక్టులో ఏం చేశారు అన్న వివరాలను ఒక పేజీలో రాసి, ‘మీరు రాయడానికి వీలుగా ఉంటుందని తెచ్చాను సార్’ అని చేతికివ్వండి. చాలామంది ఆ పేజీ చూశాక కూర్చుని తామే రాస్తారు. అప్పటికీ రాయకపోతే మిమ్మల్ని ల్యాబ్‌లో దగ్గరగా చూసిన మరొకరిని అడగండి, హోదా చిన్నదైనా ఫరవాలేదు. మొదటి లేఖ ఎటూ మీ వేసవి గైడ్‌దే కావాలి.

పరీక్షల మాట క్లుప్తంగా. జెస్ట్, గేట్, సీఎస్ఐఆర్ నెట్ అనే అర్హత పరీక్షలలో ఏది ఏ సంస్థకు చెల్లుతుందో ఆయా సంస్థల ఆ ఏటి ప్రకటనలోనే చూడండి, స్నేహితుల వాట్సాప్ సందేశాలను నమ్మకండి. బెంగళూరులోని భారతీయ ఖగోళ భౌతిక సంస్థ, పూణేలోని ఐయూకా, ఎన్‌సీఆర్‌ఏ, నైనిటాల్‌లోని ఏరీస్, అహ్మదాబాద్‌లోని పీఆర్ఎల్ మీరు తప్పక చూడవలసిన పరిశోధనా సంస్థలు. గ్రహణ జంటల మీద ముందుకు సాగాలని ఉంటే, తమిళనాడులో కావలూరులోని 2.34 మీటర్ల వేణు బప్పు దూరదర్శిని, లదాఖ్‌లో హాన్లేలోని 2 మీటర్ల చంద్ర దూరదర్శిని, నైనిటాల్ దగ్గర దేవస్థల్‌లోని 3.6 మీటర్ల దూరదర్శిని ఏ సంస్థల కింద ఉన్నాయో తెలుసుకుని, మీకు లేని వర్ణపటాలు వాటితో ఎలా వస్తాయో ఒక వాక్యం రాయండి. భవిష్యత్ ప్రణాళిక అన్న గడిలో ‘విశ్వ రహస్యాలు ఛేదించాలని’ అని రాసే బదులు అది నయం.

ప్రశ్న: ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యాను. మా అమ్మాయి ఎమ్మెస్సీ తరువాత ఖగోళ భౌతికశాస్త్రంలో పరిశోధన చేస్తానంటోంది. పెళ్లి, ఉద్యోగం అన్నీ ఆలస్యమవుతాయని ఇంట్లో భయం. ఆ చదువుతో బతుకుతెరువు ఉంటుందా? (ఒక తండ్రి, గాజువాక)

జవాబు: అయ్యా, పెళ్లి విషయం నా పరిధి కాదు. బతుకుతెరువు విషయం చెబుతాను. ప్రభుత్వ పరిశోధనా సంస్థలలో పీహెచ్‌డీ విద్యార్థి ఫీజు కట్టి చదివే విద్యార్థి వంటివారు కారు. జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్ 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, సీనియర్ ఫెలో అయ్యాక 42,000, వాటికి తోడు హాస్టల్ గానీ ఇంటి అద్దె భత్యం గానీ ఉంటుంది. పీహెచ్‌డీకి 5, 6 ఏళ్లు పట్టడం మామూలే. ఆ పైన రెండు మూడు చోట్ల తాత్కాలిక పరిశోధనా పదవులు, అందులో కొన్ని విదేశాల్లో, తప్పకపోవచ్చు. స్థిరమైన ఖగోళ ఉద్యోగాలు దేశంలో తక్కువ, ఇందులో మిమ్మల్ని మభ్యపెట్టదలచుకోలేదు. అయితే కోట్ల కొలతలలో నుంచి బలహీనమైన సంకేతాన్ని ఏరి, అది నిజమైనదో కాదో గణాంకాలతో తేల్చే పని ఆరేళ్లు చేసిన వారికి ఈ రంగం బయట కూడా పని దొరుకుతుంది. మీ అమ్మాయి ఇప్పటివరకు ఏం చేసిందో ఆమెనే అడగండి. పై ఉత్తరంలోని విద్యార్థినిలా తన ప్రాజెక్టును ఒక పొరపాటుతో సహా మీకు అర్థమయ్యేలా చెప్పగలిగితే, ఆమె మోజు పడి అడగడం లేదని మీకే తెలుస్తుంది.

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా కాలేజీలో దూరదర్శిని లేదు. పరికరం లేకుండా ఖగోళ పరిశోధనానుభవం సంపాదించడం సాధ్యమా? (ఒక విద్యార్థి, భీమునిపట్నం)

జవాబు: సాధ్యమే. మీ ఊరికి దగ్గరలోనే నేర్చుకోదగ్గ పాత ఉదాహరణ ఉంది, అందులోని వారి దగ్గర దూరదర్శిని ఉన్న మాట నిజమే అయినా. 1840 ప్రాంతంలో గోడే వెంకట జగ్గారావు విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో సొంత ఖర్చుతో వేధశాల పెట్టారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దానిని కొనసాగించి, 1874 డిసెంబరు 9 నాటి శుక్ర గ్రహ సంక్రమణాన్ని, అంటే శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడాన్ని, అక్కడి నుంచే కొలిచారు. వారు చేసిన పనిలో ముఖ్యమైనది పద్ధతిగా, కాలంతో సహా, ఏళ్ల తరబడి రాసి పెట్టుకోవడం. దానికి దూరదర్శిని అక్కరలేదు.

అల్గాల్ నక్షత్రంతో మొదలుపెట్టండి. ఇది కూడా గ్రహణ జంటే. పర్సియస్ నక్షత్ర మండలంలో ఉంటుంది. 2 రోజుల 20 గంటల 49 నిమిషాలకు ఒకసారి దీని ప్రకాశం 2.1 మాగ్నిట్యూడ్ నుంచి 3.4 వరకు పడిపోయి (ఈ అంకె పెరిగితే ప్రకాశం తగ్గినట్టు), మళ్లీ పెరుగుతుంది. ఆ పడి లేవడం మొత్తానికి సుమారు 10 గంటలు పడుతుంది. 1783లో ఈ కాలాన్ని లెక్కగట్టి ప్రకటించిన జాన్ గుడ్‌రిక్ వయసు అప్పటికి 18, ఆయనకు చెవులు వినబడవు. ఆయన కూడా కంటితో చూసే, పక్క నక్షత్రాలతో పోల్చి రాసుకున్నాడు. మీ అక్షాంశం దాదాపు 18 డిగ్రీలు, అల్గాల్ దిక్పాతం, అంటే ఖగోళ మధ్యరేఖకు ఉత్తరంగా దాని దూరం, 41 డిగ్రీలు కాబట్టి అది ఉత్తరం వైపు నడినెత్తికి సుమారు 23 డిగ్రీల కిందికి వస్తుంది, అంటే తీరం మీది తేమ పొర, పడవల దీపాలు దానిని పెద్దగా చెరపలేవు. మబ్బులు తగ్గిన డిసెంబరు, జనవరి సాయంత్రాలు మీకు అనువైనవి.

ప్రకాశాన్ని అంచనా వేయడానికి మూడు నక్షత్రాలు ఎంచుకోండి. ఆండ్రోమెడా మండలంలోని అల్మాక్ సుమారు 2.1, పర్సియస్‌లోనే ఉన్న ఎప్సిలాన్ 2.9, కప్పా 3.8. అల్గాల్ వీటిలో ఏ రెండింటి మధ్య ఎక్కడ ఉందో పదో వంతులలో రాయండి. అరగంటకు ఒకసారి చూడండి. గడియారాన్ని ముందే సరిచేసుకుని, భారతీయ కాలంలో నుంచి 5 గంటల 30 నిమిషాలు తీసివేసి సార్వత్రిక కాలం రాయండి. నెలల తేడాతో చూసిన కనిష్ఠాలను పోల్చేటప్పుడు ఇంకో సవరణ కావాలి. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతున్నందున నక్షత్రపు కాంతి మనకు ఒక కాలంలో ముందుగా, మరో కాలంలో ఆలస్యంగా చేరుతుంది. సూర్యుడితో పోలిస్తే ఆ తేడా గరిష్ఠంగా సుమారు 8 నిమిషాలు, అల్గాల్ క్రాంతివృత్తానికి (ఆకాశంలో సూర్యుడు కదిలే దారికి) దూరంగా ఉన్నందున దానికి ఇంకొంచెం తక్కువ. కంటి అంచనాలో ఆ తేడా దొరకకపోవచ్చు గానీ, లెక్క వేసి నోటుపుస్తకంలో రాయండి.

రెండు శీతకాలాలు ఇలా చేసి, మీ కొలతల నుంచి మీరే కాలాన్ని లెక్కగట్టి, అది 2 రోజుల 20 గంటల 49 నిమిషాలకు ఎంత దగ్గరగా వచ్చిందో, ఎంత దోషంతో వచ్చిందో పటంతో సహా పంపండి. మబ్బు పట్టి ఏమీ కనిపించని రాత్రులను కూడా తేదీ వేసి రాసి ఉంచండి. పటంలో ఖాళీలు ఎందుకు వచ్చాయని నేను అడిగినప్పుడు మీకు అవి కావలసి వస్తాయి.